జాకీ మీద స్పీడోమీటర్‌ని నమ్మొద్దు: వైబ్రేషన్ ఏ చక్రానిదో పట్టుకోవడం ఎలా?

"అన్నా, రోడ్డు మీద తొంభైలో స్టీరింగ్ వణుకుతోంది. షెడ్డులో స్టాండ్ల మీద ఎక్కించి తిప్పితే డెబ్బై లోపే ఊగిపోయింది, తొంభైలో మాత్రం ఏమీ లేదు. ఇంతకీ తప్పు టైరుదా, డ్రైవ్ షాఫ్ట్‌దా?"

మాటలు మారతాయి గానీ నాకు వచ్చే ప్రశ్న ఇదే. ప్రతిసారీ విడిగా చెప్పే బదులు ఒకేచోట రాసి పెడుతున్నాను. అసలు కిటుకు డిఫరెన్షియల్‌లో, అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల గుంపులో ఉంది. బండి గాల్లో ఉన్నప్పుడు స్పీడోమీటర్ చూపించే అంకె ఎడమ చక్రానిదీ కాదు, కుడి చక్రానిదీ కాదు, రెండింటి సగటు. కొన్ని కొత్త బళ్లలో అదీ కాదు.

ఇది తెలియక నేనూ చేతులు కాల్చుకున్నవాడినే. పని నేర్చుకునే రోజుల్లో, రోడ్డు మీద వేగానికీ స్టాండ్ మీద వేగానికీ పొంతన లేదు కాబట్టి తప్పు టైరుది కాదని తేల్చేసి, బాగున్న డ్రైవ్ షాఫ్ట్ (చక్రానికి బలం తీసుకెళ్లే కడ్డీ) మార్చాను. వణుకు అలాగే ఉంది. చివరికి చూస్తే కుడి రిమ్ము లోపలి అంచు గుంతలో పడి వంగింది. షాఫ్ట్ డబ్బు నా జేబులోంచే పోయింది.

ఇంతే సిద్ధాంతం

ఇంజన్ బలం గేర్‌బాక్స్ నుంచి క్రౌన్‌కి (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం), అక్కణ్నుంచి స్పైడర్ గేర్ల (లోపలి చిన్న గేర్ల) ద్వారా రెండు చక్రాలకీ వెళ్తుంది. క్రౌన్ 100 చుట్లు తిరిగితే రెండు చక్రాల చుట్లూ కలిపి ఎప్పుడూ 200. చెరి 100 కావచ్చు, 60–140 కావచ్చు. ఒకటి పూర్తిగా ఆగిపోతే రెండోది ఏకంగా 200. రోడ్డు మీద నేల రెండు చక్రాలనీ పట్టి ఉంచుతుంది కాబట్టి వంపుల్లో తప్ప తేడా తెలియదు. గాల్లోకి లేపాక పట్టేవాడు లేడు. బ్రేక్ ప్యాడ్ కాస్త రాసుకునే చక్రం నెమ్మదిస్తుంది, రెండోది ఆ మేరకు పరుగెడుతుంది.

పైన ప్రశ్నలో జరిగింది ఇదే. ఎడమ చక్రం ఒక చుట్టు తిరిగేలోపు కుడిది రెండు తిరుగుతోందనుకోండి. స్పీడోమీటర్ 67 చూపేటప్పటికే కుడి చక్రం తొంభైకి చేరిపోతుంది. స్పీడోమీటర్ తొంభై చూపేసరికి అది 120లో ఉంటుంది, వణికే వేగం దాటిపోయి ఉంటుంది.

కావాల్సినవి

- గట్టి జాకీ, రెండు స్టాండ్లు (ఇటుకలు, రాళ్లు వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది)
- నేల మీద ఉండే చక్రాలకి ముందూ వెనకా పెట్టడానికి చెక్క దిమ్మలు
- సుద్దముక్క లేదా తెల్ల పెయింట్
- స్లో మోషన్ వీడియో తీసే ఫోను (సెకనుకి 240 ఫ్రేములైతే మంచిది)
- టేపు, వీల్ స్పానర్, టార్క్ రెంచి
- తోడుగా ఒక మనిషి. ఈ పని ఒంటరిగా చేయకండి.

ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) డేటా చూపించే స్కానర్ ఉంటే సగం పని తేలిక, ఒక్కో చక్రం వేగం విడిగా కనిపిస్తుంది. ఇంజన్ డేటా మాత్రమే చదివే చౌక బ్లూటూత్ డాంగిల్‌తో ఆ పని కాదు.

1. జాకీ ముట్టకముందు రోడ్డెక్కండి

టైర్లలో గాలి సరిచూసుకుని, ట్రాఫిక్ లేని చదునైన హైవే మీదికి వెళ్లండి. పక్కన కూర్చున్నవాళ్లు రాసుకోవాలి, మీరు కాదు. నాలుగు విషయాలు కావాలి: వణుకు ఏ వేగంలో మొదలై ఏ వేగంలో పోతోంది, అప్పుడు ఏ గేరు, ఇంజన్ ఆర్‌పీఎం ఎంత, వణుకు స్టీరింగ్‌లోనా సీటు కిందా.

స్టీరింగ్ వణికితే ఎక్కువసార్లు ముందు చక్రాలు, సీటూ ఫ్లోరూ వణికితే వెనకవి. ఇది అనుమానం మాత్రమే, తీర్పు కాదు.

తర్వాత అదే వేగంలో గేరు మార్చి చూడండి. ఆర్‌పీఎం మారినా వణుకు అదే వేగంలో ఉంటే ఇంజన్‌ని వదిలేయొచ్చు. అక్కడే ఒక్క క్షణం న్యూట్రల్ చేయండి (ఇంజన్ ఆపొద్దు, స్టీరింగూ బ్రేకూ బిగుసుకుంటాయి). అయినా ఉంటే టైరు, రిమ్ము, హబ్బు (చక్రాన్ని బిగించే భాగం) వైపు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వచ్చి, వదలగానే పోతే లోపలి సీవీ జాయింట్ (డ్రైవ్ షాఫ్ట్ చివర వంగుతూనే తిరిగే కీలు) మీద కన్నేయండి. బ్రేక్ తొక్కినప్పుడే వస్తే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు, డిస్కులు చూపించుకోండి.

వణుకు వస్తూ పోతూ ఉందా? కాసేపు ఊగి, చల్లబడి, మళ్లీ ఊగి. మెకానిక్‌ని ఎక్కించుకుంటే ఏమీ రాదు, ఆయన దిగగానే మొదలవుతుంది! ఇది దెయ్యం పనేం కాదు. ముందు రెండు చక్రాలూ కొద్దికొద్దిగా బ్యాలెన్స్ తప్పినప్పుడు ఇలా జరుగుతుంది. ఒక టైరు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ అరిగి ఉంటే అది దాదాపు ఒక శాతం వేగంగా తిరుగుతుంది, డిఫరెన్షియల్ అందుకు వీలిస్తుంది. ఎనభైలో వెళ్తుంటే సుమారు తొమ్మిది సెకన్లకోసారి రెండు చక్రాల బరువు వైపులూ కలుస్తాయి, అప్పుడు స్టీరింగ్ ఊగుతుంది. విడిపోయాక తగ్గుతుంది. ఫ్లైఓవర్ మీద ఒక వంపు తిరిగితే ఆ లెక్క మళ్లీ మారుతుంది. ఈ లక్షణం కనిపిస్తే ఒక్క చక్రానికి బ్యాలెన్సింగ్ చేయించి ఊరుకోవద్దు.

2. చక్రం చుట్ల లెక్క కట్టుకోండి

టైరు మీద చుట్టుకొలత టేపుతో కొలవండి. 185/65 ఆర్15 టైరుకి అది సుమారు 1.95 మీటర్లు. గంటకి 90 కి.మీ. అంటే సెకనుకి 25 మీటర్లు. 25ని 1.95తో భాగిస్తే సెకనుకి 12.8 చుట్లు.

ఫోనులో ఫైఫాక్స్ లాంటి యాప్‌తో సీటు పట్టా మీద వణుకు ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు వణుకుతోందో) కొలిస్తే, 12.8కి దగ్గరగా వస్తే తప్పు చక్రంతో పాటు తిరిగేదాంట్లో ఉంది. దానికి మూడు రెట్లు, అంటే 38 దగ్గర వస్తే లోపలి సీవీ జాయింట్‌ని, అంటే ట్రైపాడ్ రకాన్ని అనుమానించాలి, దాంట్లో మూడు రోలర్లు ఉంటాయి. వెనక చక్రాలు లాగే బళ్లలో నాలుగు రెట్ల చుట్టుపక్కల వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కి వెళ్లే పొడవాటి షాఫ్ట్). దాని సంగతి తర్వాత చెప్తాను.

3. మీ డిఫరెన్షియల్ ఏ రకమో చేత్తో తేల్చుకోండి

ఇది దాటేస్తే కొంప మునుగుతుంది. లాగే చక్రాలు రెండూ స్టాండ్ల మీద ఉండాలి, ఇంజన్ ఆపి, తాళం తీసేసి, గేర్‌లో పెట్టండి (ఆటోమేటిక్ అయితే పీలో). వెనక చక్రాలు లాగే బండి అయితే హ్యాండ్ బ్రేక్ దించాలి కాబట్టి ముందు చక్రాలకి దిమ్మలు రెండు వైపులా పడాలి. ఇప్పుడు ఎడమ చక్రాన్ని చేత్తో ముందుకి తిప్పండి.

కుడిది వెనక్కి తిరిగితే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. మన దగ్గర ఎక్కువ బళ్లు ఇవే. తిప్పలేనంత బిగువుగా ఉంటే, లేదా న్యూట్రల్‌లో రెండూ ఒకేవైపు తిరుగుతూ బలవంతం చేసినా విడిపోకుంటే, లిమిటెడ్ స్లిప్ లేదా లాకింగ్ రకం (రెండు చక్రాల వేగాలూ మరీ విడిపోకుండా పట్టేవి) కావచ్చు. థార్‌లో కొన్ని వేరియంట్లకి వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటుంది. అది చేతి పరీక్షలో ఓపెన్‌లాగే కనిపిస్తుంది, చక్రాల వేగంలో తేడా పెరిగాకే లాక్ అవుతుంది. అందుకని మీ వేరియంట్ కాగితాలు కూడా చూడండి.

హెచ్చరిక: లాకింగ్ రకం ఉన్న బండిని ఒక చక్రం నేల మీద, ఒకటి గాల్లో ఉంచి ఇంజన్‌తో తిప్పకూడదు. లాక్ పడగానే నేల మీది చక్రం బండిని స్టాండ్ మీంచి దూకిస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ బండి అయితే నాలుగు చక్రాలూ లేవాలి, లేదా అసలు ఈ పరీక్ష వద్దు.

స్టెప్నీ మార్చేటప్పుడు అందరికీ పనికొచ్చే మాట ఒకటి. ఓపెన్ డిఫరెన్షియల్ బండిలో లాగే చక్రం ఒకటి గాల్లోకి లేస్తే, బండి గేర్‌లో ఉన్నా, పీలో ఉన్నా ఆగదు. ఇప్పుడు మీరు చేత్తో చూశారుగా: ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. గాల్లో చక్రం ఖాళీగా తిరుగుతుంటే నేల మీది చక్రం హాయిగా దొర్లిపోతుంది. ఘాట్ రోడ్డు పక్కన "గేర్‌లోనే ఉంది కదా" అని దిమ్మ పెట్టకుండా జాకీ ఎత్తేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

4. బండిని సరైన ఎత్తులో నిలబెట్టండి

స్టాండ్లని బాడీ కింద పెట్టి చక్రాలు వేలాడనిస్తే డ్రైవ్ షాఫ్ట్‌లు కోణంగా వంగుతాయి. బాగున్న సీవీ జాయింట్ కూడా ఆ కోణంలో టకటకలాడి వణుకుతుంది, మీరు దాన్ని మార్చేస్తారు. కాబట్టి బండి బరువు లోయర్ ఆర్మ్‌ల మీద పడేలా, బాల్ జాయింట్‌కి దగ్గరగా, మాన్యువల్ అనుమతించిన చోట స్టాండ్లు పెట్టండి. అలా కుదరకపోతే ఇంట్లో వద్దు, డ్రైవ్-ఆన్ లిఫ్ట్ ఉన్న షెడ్డుకి వెళ్లండి.

ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఉంటే ఆపేయండి. ముందు చక్రాలు తిరుగుతూ వెనకవి కదలకపోతే కంప్యూటర్ బండి బురదలో జారుతోందనుకుంటుంది. ఇంజన్ బలం తగ్గిస్తుంది, వేగంగా తిరిగే చక్రానికి బ్రేక్ వేస్తుంది. ఆ బ్రేక్ కుదుపుని వైబ్రేషన్ అనుకుని మోసపోయినవాళ్లు ఉన్నారు. డ్యాష్‌బోర్డులో దీపాలు వెలిగితే కంగారు పడొద్దు, బండి రోడ్డు మీద కాసేపు నడిచాక సాధారణంగా ఆరిపోతాయి.

5. తిప్పండి, కానీ స్పీడోమీటర్ కోసం కాదు

రెండు టైర్ల పక్కగోడ మీదా సుద్దతో గీత గీయండి. ట్రెడ్‌లో ఇరుక్కున్న రాళ్లు తీసేయండి. చక్రానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, రాయి ఊడితే తూటాలా వస్తుంది. పైట కొంగులు, లుంగీలు, చున్నీలు దూరంగా ఉండాలి.

తోడు మనిషి సీట్లో కూర్చుని మెల్లగా గేర్లు మార్చుకుంటూ వెళ్లాలి. ఏ వేగం దాకా? రోడ్డు మీద రాసుకున్న గేర్‌లో, రాసుకున్న ఆర్‌పీఎం దాకా. ఉదాహరణకి రోడ్డు మీద నాలుగో గేర్‌లో 2600 దగ్గర వణికిందనుకోండి, ఇక్కడా అంతే. గేరూ ఆర్‌పీఎం ఒకటే అయితే క్రౌన్ వేగం రోడ్డు మీద ఎంతో ఇక్కడా అంతే. కొత్త బళ్లలో స్పీడోమీటర్ ఏబీఎస్ సెన్సర్ల నుంచి లెక్క తీసుకుని, వెనక చక్రాలు ఆగి ఉన్నాయి కాబట్టి సున్నా చూపినా మీ పని ఆగదు. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) కొంచెం జారడం వల్ల ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది, స్కానర్ ఉంటే మేలు.

ఒక్కో పరుగు అర నిమిషం చాలు. రెండు చక్రాల వేగాల్లో తేడా ఎక్కువైతే స్పైడర్ గేర్లు వేడెక్కి అరిగిపోతాయి. మామూలుగా నేరుగా వెళ్లేటప్పుడు వాటికి పనే ఉండదు, ఇంత పని కోసం వాటిని చేయలేదు.

అక్కడికి చేరేలోపే వణికితే వణికిన చోటే ఆగండి. ఆర్‌పీఎం నిలకడగా ఉన్నప్పుడు ముందు ఎడమ చక్రాన్ని, తర్వాత కుడి చక్రాన్ని పక్కగా దూరం నుంచి స్లో మోషన్‌లో వీడియో తీయండి.

6. ఫ్రేములు లెక్కపెట్టండి

ఈ పని చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, కానీ నాకు తెలిసి ఇంతకంటే చవకైన పరికరం లేదు. వీడియోని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ సుద్దగీత పైనుంచి మళ్లీ పైకి రావడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. 240 ఫ్రేముల వీడియో, 1.95 మీటర్ల టైరు అయితే 1685ని ఆ సంఖ్యతో భాగిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. మీ టైరు వేరైతే 240 × చుట్టుకొలత × 3.6 అని మీ అంకె మీరు కట్టుకోండి.

కుడి చక్రానికి 19 ఫ్రేములు వచ్చాయి: 89 కి.మీ. ఎడమదానికి 38: 44 కి.మీ. సగటు 66.5. స్పీడోమీటర్ పనిచేస్తుంటే అటూఇటూగా అదే చూపించాలి, ఒకటి రెండు ఎక్కువ చూపడం మామూలే. మీ రెండు అంకెల సగటు ఆర్‌పీఎం ప్రకారం రావాల్సిన వేగానికి దగ్గరగా లేకపోతే లెక్క తప్పింది, లేదా ట్రాక్షన్ కంట్రోల్ ఇంకా ఆడుకుంటోంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బండి వణికిన క్షణంలో రోడ్డు మీది వేగానికి దగ్గరగా తిరుగుతున్నది ఏ చక్రం? పై ఉదాహరణలో కుడిది. అనుమానం దాని మీదే. రెండు చక్రాలూ సమానంగా తిరుగుతుంటే ఈ పద్ధతి ఎవరినీ వేలెత్తి చూపదు, అప్పుడు ఏడో మెట్టు.

ఎడమ చక్రం అంత నెమ్మదిగా ఎందుకు తిరుగుతోందో కూడా చూడండి. ఇంజన్ ఆపి, న్యూట్రల్ చేసి, రెండింటినీ చేత్తో తిప్పి చూస్తే బిగుతు తెలుస్తుంది. క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్కుకి నొక్కేది) పిన్నులు బిగుసుకుపోయి ఉంటే అది ఇంకో జబ్బు, వైబ్రేషన్ కోసం వచ్చి దాన్ని కనిపెట్టినట్టు.

7. చక్రమా, దాని వెనకున్నదా?

ఇంజన్ ఆపి రెండు చక్రాలూ విప్పేయండి. డిస్కు కదలకుండా వీల్ నట్లు వాషర్లతో మళ్లీ బిగించి (బోల్టు రకం బళ్లలో పొడవు సరిపోయే బోల్టులు కావాలి) అదే గేరు, అదే ఆర్‌పీఎం దగ్గర తిప్పండి. వణుకు పోతే టైరో రిమ్మో. ఉంటే డిస్కు, హబ్బు, డ్రైవ్ షాఫ్ట్. డ్రమ్ము ఉంటే నట్లు లేకుండా తిప్పితే ఊడి ఎగిరిపడుతుంది, జాగ్రత్త.

చక్రమే అని తేలితే వెంటనే బ్యాలెన్సింగ్‌కి పరుగెత్తకండి. ముందు రిమ్ము లోపలి వైపు చేయి పెట్టి తడమండి. వానాకాలంలో నల్లరేగడి నేలల్లో తిరిగిన బండికి లోపల మట్టి పెచ్చులు కట్టి ఉంటుంది. ఐదు గ్రాముల సీసం ముక్కలతో సరిచేసే బ్యాలెన్స్‌ని ఆ గుప్పెడు మట్టి ఎక్కడికి తీసుకెళ్తుందో ఊహించుకోండి. నీళ్లు కొట్టి కడిగాక వణుకు పోయిన బళ్లు నేను లెక్కపెట్టలేదు.

తర్వాత ఒక పెన్సిల్‌ని గట్టి ఆధారం మీద రిమ్ము అంచుకి దగ్గరగా ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పండి. మధ్యలో సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఎగుడుదిగుడు ఉంది. టైరుకీ అలాగే. మిల్లీమీటరున్నర దాటితే దాన్ని సీసంతో కప్పిపుచ్చలేరు. వంగిన రిమ్ముకి బ్యాలెన్సింగ్ మిషన్ సున్నా చూపించినా రోడ్డు మీద గెంతుతూనే ఉంటుంది.

ఇంకో దారి: అనుమానం ఉన్న ముందు చక్రాన్ని అదేవైపు వెనక్కి మార్చి రోడ్డు మీద నడపండి. వణుకు స్టీరింగ్‌లోంచి సీటు కిందికి దిగితే దొంగ దొరికాడు. స్టాండ్లు లేనివాళ్లకి, లాకింగ్ రకం బళ్లకి, ఆల్ వీల్ డ్రైవ్‌లకి నేను చెప్పేది ఇదే.

వెనక చక్రాలు లాగే బళ్లకి: రేషియో చేత్తో లెక్కపెట్టడం

బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్రం కంటే ఎన్ని రెట్లు తిరుగుతుందో తెలియాలి. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో, వెనక ఒక చక్రం మాత్రమే స్టాండ్ మీద, మిగతా మూడింటికీ దిమ్మలు, హ్యాండ్ బ్రేక్ దించి ఉంచండి. షాఫ్ట్ మీద సుద్దగీత గీసి, గాల్లో ఉన్న చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఒకటి కాదు, రెండు. రెండో చక్రం నేల మీద ఆగి ఉంది కాబట్టి ఇది రెండు తిరిగితే క్రౌన్ ఒకటే తిరుగుతుంది. షాఫ్ట్ నాలుగు చుట్లు దాటి ఇంకాస్త తిరిగితే రేషియో 4.1 చుట్టుపక్కల ఉన్నట్టు. ఒక్క చుట్టుకే లెక్కపెట్టి "రేషియో రెండే వచ్చిందన్నా" అని ఫోన్ చేసేవాళ్లు చాలామంది.

205/65 ఆర్16 టైరుతో 80 కి.మీ. వేగంలో చక్రం సెకనుకి 10.5 చుట్లు తిరుగుతుంది. రేషియో 4.1 అయితే షాఫ్ట్ 43 చుట్లు. ఫోను యాప్ పది చూపిస్తే చక్రాలు, 43 చూపిస్తే షాఫ్ట్, దాని క్రాసులు (షాఫ్ట్ కీళ్లు), సెంటర్ బేరింగ్. అయితే అదే వేగంలో ఇంజన్ 2600 ఆర్‌పీఎంలో ఉంటే అది కూడా 43 చుట్లే! అందుకే మొదటి మెట్టులో గేరు మార్చి చూడమన్నాను.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఒక చక్రమే లేపి, ఇంకోటి నేల మీద ఉంచి ఇంజన్‌తో తిప్పడం వీటిలో అన్నిటికంటే ప్రమాదం. స్పీడోమీటర్ 60 అంటే ఆ చక్రం 120లో ఉంది. 90 దాకా తొక్కితే 180, ఎస్ రేటింగ్ ఉన్న టైరుకి అదే హద్దు. పాత టైరు ఆ వేగంలో నేల మీద లేకుండా చీలిపోతే పక్కనున్న మనిషి మిగలడు. ఇంట్లో ఆ పని అసలు చేయకండి. బురదలో ఒక చక్రం ఇరుక్కుని గిర్రున తిరిగేటప్పుడు జరిగేదీ ఇదే, అప్పుడు కూడా గట్టిగా తొక్కొద్దు.

మిగతావి చిన్నవే. నెమ్మదిగా తిరిగే చక్రాన్ని "బాగుంది" అనుకోవడం. అది వణికే వేగానికి చేరనే లేదు, దాని పరీక్ష ఇంకా కాలేదు. తొలి గేర్‌లో ఐడిల్ దగ్గర రెండు చక్రాల తేడా కొలిచి, పై వేగంలోనూ అదే నిష్పత్తి ఉంటుందనుకోవడం. బేరింగులు వేడెక్కితే, ఆయిల్ పలచబడితే రాపిడి మారుతుంది, వీడియో ప్రతిసారీ కొత్తగా తీయాలి. నాలుగు టైర్లలో రెండు కొత్తవి వేసి, వాటిని ఒకటి ఎడమ ముందు, ఒకటి కుడి వెనక వేయడం. అప్పుడు డిఫరెన్షియల్‌కి నేరు రోడ్డు మీద కూడా విశ్రాంతి ఉండదు.

సరైందా లేదా చూసుకోవడం

మరమ్మతు తర్వాత వీల్ నట్లు ఎదురెదురుగా, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. గన్‌తో టపటపా కొట్టి వదిలేయొద్దు, డిస్కు వంకరపోతుంది. మొదట వెళ్లిన రోడ్డుకే వెళ్లి, అదే గేరు, అదే ఆర్‌పీఎం, అదే గాలి ఒత్తిడితో చూడండి. వస్తూ పోతూ ఉండే వణుకైతే కనీసం రెండు మూడు నిమిషాలు వేగం నిలకడగా ఉంచాలి, తొమ్మిది సెకన్ల అలని పది సెకన్ల పరుగుతో పట్టుకోలేరు. కొన్ని వంపులు తిరిగి మళ్లీ నేరు రోడ్డు మీద చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి టార్క్ రెంచితో సరిచూసుకుని, టైర్ల మీద సుద్దగీతలు చెరిపేయండి.